మోగే ఇసుక దిబ్బలు చూడబోయే ముందు

కాలిఫోర్నియాలో మోహావి ఎడారిలోని కెల్సో దిబ్బల పైఅంచున కూర్చుని నిటారుగా ఉన్న వైపు జారితే, కింద ఇసుక కదిలి దూరంగా విమానం పోతున్నట్టు మోగుతుంది. కూర్చున్నవాళ్లకు ఆ అదురు ఒంటికి తెలుస్తుంది. తప్పకుండా వినాల్సిందే. కానీ ఇసుక బాగా ఎండి ఉంటేనే ఆ మోత వస్తుంది. అందుకే జనం ఎండల్లో వెళ్తారు, ప్రమాదమంతా అక్కడే ఉంది.

అమెరికాలో ఉంటున్న మన దగ్గరికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది కూడా ఎక్కువగా వేసవిలోనే. వేగాస్ ట్రిప్‌లో దారే కదా అని వాళ్లను జూన్, జులైల్లో ఈ దిబ్బ ఎక్కించకండి. ఆ నెలల్లో వేడి 38 డిగ్రీలు దాటడం మామూలే, ఇసుక అంతకంటే ఎక్కువ కాలుతుంది. అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో, వాన పడకుండా కొన్ని రోజులు గడిచాక పొద్దున్నే వెళ్లడం నయం. మోగకపోతే మోగలేదు, తిరిగి వచ్చేయండి.

దిబ్బ ఎత్తు దాదాపు 200 మీటర్లు, రానూపోనూ 5 కిలోమీటర్ల నడక. అంతేనా అనిపిస్తుంది గానీ, చివరి ఎక్కుడులో రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది. అక్కడ నీళ్లు దొరకవు. మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన తీసుకెళ్లండి. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, పక్కనుండి తాగించాలి. ఒంట్లో నీరు తగ్గించే బీపీ మాత్రలు వాడేవాళ్లయితే ముందే డాక్టర్ని అడగండి. సగం నీళ్లు అయిపోయాయంటే ఎంత దూరంలో ఉన్నా వెనక్కి తిరగాల్సిందే. మాట తడబడినా, వాంతులైనా వడదెబ్బే అనుకుని నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగిలేలా విసరండి. వెంటనే అత్యవసర నంబరు 911కి కబురు వెళ్లాలి.

చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. పొదల దగ్గర చేతులు పెట్టకండి, పాములుంటాయి. పిల్లల్ని ఇసుకలో సొరంగాలు తవ్వనివ్వకండి, కూలితే ఊపిరాడదు. ఉరుములు వినిపిస్తే వెంటనే దిగిపోండి.

ఈ దిబ్బలున్న రక్షిత ప్రాంతం మోహావి ప్రిజర్వ్ లోపల పెట్రోలు దొరకదు, బయటే ట్యాంకు నింపుకోండి. చివరి 3 మైళ్లు మట్టి రోడ్డు. కారు ఇసుకలో దిగబడితే నడిచి వెళ్లిపోకుండా దాని దగ్గరే ఉండండి. ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి.