తెలుగు–ఒడియా పెళ్లి: ముందు జీలకర్ర బెల్లం, తర్వాతే ముకుట

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు తెలుగమ్మాయికి, ఒడియా అబ్బాయికి ఇంటిమట్టుకు పెళ్లి చేసేవాళ్లకో చిట్కా. ఇద్దరు పురోహితుల్నీ నాలుగు రోజుల ముందే కూర్చోబెట్టి, ఏ తంతు తర్వాత ఏదో ఒకే కాగితం మీద రాయించండి. పీటల మీద తేల్చుకుందాంలే అనుకుంటే ముహూర్తం కాస్తా దాటిపోతుంది.

అసలు చిక్కంతా తల దగ్గరే. ఒడియా పెళ్లిలో బెండుతో చేసిన ముకుట, అంటే కిరీటం, తలకు కడతారు. మనకేమో సుముహూర్తానికి నడినెత్తిన జీలకర్ర బెల్లం పడాలి. కట్టిన ముకుట మళ్లీ విప్పుతుంటే దారాలు జుట్టుకు చిక్కుకుని, బెండు విరిగి, అదో టెన్షన్. అందుకే జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు ముందు కానిచ్చి, తల దులిపి, తడిగుడ్డతో తుడిచాకే ముకుట కట్టండి. ఆ తర్వాత వాళ్ల పద్ధతిలో వధూవరుల చేతులు కలిపి కట్టే హాతగంఠి. పేలాలు వేసే లాజహోమం రెండు వైపులా ఉన్నదే, ఒక్కసారి చేస్తే చాలు.

శుభలేఖలో ఇంగ్లిషు తేదీ తప్పకుండా వేయండి. మనకు మాఘ బహుళమైతే వాళ్ల పాంజిలో, అంటే పంచాంగంలో, అది ఫాల్గుణం. ఒడియా పెళ్లిళ్లు ఎక్కువగా రాత్రిపూటే కాబట్టి, ముహూర్తం పన్నెండు దాటితే "20 రాత్రి, తెల్లవారితే 21" అని విడమరిచి రాయాలి. లేకపోతే సగంమంది చుట్టాలు మర్నాడు దిగుతారు.

వధూవరులు ఆడే గవ్వలాటకి మాత్రం తొందరేం లేదు, అన్నీ అయ్యాక తీరిగ్గా ఆడించండి.