రైతుబజారులో కాలాన్ని బట్టి కొనడం, పండుమిరప పచ్చడి పెట్టడం

ఇంట్లోనే చీటీ రాసుకుని వెళ్తే రైతుబజారుకు వెళ్లిన లాభం సగం పోతుంది. విజయవాడ పటమట అయినా, గుంటూరు చుట్టుగుంట అయినా, సంచి విప్పకుండా ముందు ఒక చుట్టు తిరగండి. నాలుగైదు చోట్ల ఒకే కాయ గుట్టలుగా కనబడితే అది దగ్గరి పొలాల్లో విరగకాస్తోందని లెక్క. కూర ఏమిటో అక్కడ తేల్చుకోండి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరం మీద పెట్టే సమయం ఏరుకోవడం మీద పెట్టొచ్చు.

ఆకుకూరలకు ఉదయం ఏడులోపు వెళ్లాలి. ఎండెక్కితే వాడిన కట్టల మీద నీళ్లు చల్లుతుంటారు, ఆ తడి కట్ట మర్నాటికి కుళ్లుతుంది. వంకాయ నిగనిగలాడుతూ, సైజుకు తేలిగ్గా ఉండాలి. బరువుగా ఉంటే లోపల గింజే. తొడిమ కింద సన్నటి బెజ్జం కనబడితే పురుగున్నట్టే. బెండకాయ కొన విరిచి చూడటం అందరికీ వచ్చు, విరిచినవి అక్కడే వదిలేసి పోవడం మాత్రం అన్యాయం.

సంక్రాంతి ముందు చిక్కుడు, కంద, రేగిపళ్లు. ఎండలు ముదిరితే చింతచిగురు, ముంజలు, ఆవకాయ మామిడి, వెనకే నూజివీడు రసాలు. వానలకు ఆకాకర: ధర గుండె గుభేలుమనిపిస్తుంది, అయినా పావుకిలో తీసుకోండి, ఎక్కువ రోజులు దొరకదు. పసుపు రంగు తిరిగింది మాత్రం వద్దు.

ఇక సంక్రాంతి దాటాక వచ్చే పండుమిరప. ఇది వదులుకోకూడదు. తొడిమ దాకా ఎర్రబడి, గట్టిగా, మెరుస్తూ ఉన్న కాయే ఏరాలి. సగం పచ్చగా ఉంటే పచ్చడికి రంగు రాదు, నల్లమచ్చ ఉంటే లోపల కుళ్లు. ఏ రకమో అడగండి. తేజ అయితే కారం నషాళానికి అంటుతుంది, లావు కాయ కాస్త నయం.

కిలో కాయకు పావుకిలో కల్లుప్పు, పావుకిలో కొత్త చింతపండు, చెంచాడు పసుపు. కాయల్ని తొడిమలతోనే కడగాలి, ముందే తీస్తే నీళ్లు లోపలికి పోతాయి. తుడిచి, నీడలో బట్ట మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు తొడిమలు తీయండి. ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి, గింజలూ ఈనెలూ తీసిన చింతపండును మధ్యలో పెట్టి జాడీలో అదమండి. మూడో రోజుకు ఊట వచ్చి చింతపండు మెత్తబడుతుంది. అన్నీ కలిపి రుబ్బి, వేయించి కొట్టిన మెంతిపిండి రెండు చెంచాలు కలపండి. మెంతులు మాడితే పచ్చడంతా చేదు.

పైన తెల్లగా బూజు పట్టిందంటే కాయ తడి ఆరలేదు, లేదా ఉప్పు తగ్గింది. ఉప్పు తగ్గించేవాళ్లకే ఇది ఎక్కువ జరుగుతుంది. పోపు మొత్తానికి ఒకేసారి పెట్టొద్దు. వారానికి సరిపడా తీసుకుని, వెల్లుల్లి, ఇంగువ దట్టించి అప్పటికప్పుడు పెట్టుకుంటే కొత్త పచ్చడిలా ఉంటుంది.