అంతరిక్ష కేంద్రానికి సరుకు రాకెట్‌ను సిద్ధం చేసే విధానం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకు పంపే రాకెట్‌కు ముహూర్తం పెట్టేది ప్రయోగ బృందం కాదు, ఆ కేంద్రం తిరుగుతున్న కక్ష్య. కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలుతో, సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. భూమి తన చుట్టూ తాను తిరిగే క్రమంలో ప్రయోగ వేదిక ఆ కక్ష్యాతలం కిందికి వచ్చిన క్షణంలోనే రాకెట్ లేవాలి. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే భూమి ఒక డిగ్రీ తిరిగిపోతుంది. ఆ తేడాను పైకి వెళ్లాక సరిదిద్దుకోవాలంటే సెకనుకు సుమారు 100 మీటర్ల అదనపు వేగానికి సరిపడా ఇంధనం కావాలి, అంటే ఆ మేరకు సరుకు తగ్గించుకోవాలి. అందుకే ఈ ప్రయోగాలకు గంటల తరబడి వ్యవధి ఇవ్వరు, ఒక్క క్షణాన్నే నిర్ణయిస్తారు.

కాబట్టి పనుల పట్టికను ఆ క్షణం నుంచి వెనక్కి లెక్కకట్టి రాసుకోవాలి. ఏ మెట్టులో ఆపవలసి వచ్చినా మనుషులు, రాకెట్, సరుకు క్షేమంగా ఉండి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టగలిగేలా ప్రతి పనినీ అమర్చుకోవడమే ఇందులో అసలు నేర్పు అని నేను నమ్ముతాను. ఈ వ్యాసంలో ఫ్లోరిడా తీరంలోని కేప్ కెనావరల్, కెన్నెడీ కేంద్రాల నుంచి స్పేస్‌ఎక్స్ సంస్థ నాసా ఒప్పందం కింద 2012 నుంచి నడుపుతున్న ఫాల్కన్-9 రాకెట్, దాని కొసన వెళ్లే డ్రాగన్ నౌకల సరుకు యాత్రలను ఉదాహరణగా తీసుకున్నాను.

తనిఖీ రాకెట్ హ్యాంగర్‌లోకి చేరాక మొదలుపెట్టే పని కాదు. విడిభాగాలు కొనేటప్పుడే మొదలుపెట్టాలి. 2015 జూన్ 28న ఏడో సరుకు యాత్రకు బయలుదేరిన ఫాల్కన్-9, లేచిన 139 సెకన్లకు ఆకాశంలోనే ముక్కలైపోయింది. రెండో దశ ఆక్సిజన్ ట్యాంకులో హీలియం సిలిండర్‌ను పట్టి ఉంచే ఊతకడ్డీ ఒకటి, తాను తట్టుకోవలసిన బలంలో ఐదో వంతుకే విరిగిపోయిందని సంస్థ ప్రకటించింది. తయారీదారు ఇచ్చిన ధ్రువపత్రం చూసి సరిపెట్టుకోకుండా, భారం మోసే ప్రతి ముక్కనూ విడిగా పరీక్షించి, ఫలితాన్ని ఆ ముక్క సంఖ్యతో సహా నమోదు చేయాలన్నది అక్కడ నేర్చుకోవలసిన మొదటి సంగతి. రెండోది నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఆ ప్రమాదంలో డ్రాగన్ నౌక రాకెట్ నుంచి విడిపోయి, కొంతసేపు సంకేతాలు పంపుతూనే ఉంది; అయితే ప్రయోగ దశలో పారాచూట్లు విప్పే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో లేకపోవడం వల్ల సముద్రంలో పడి నాశనమైంది. తర్వాతి నౌకల్లో ఆ ఏర్పాటు చేర్చారు. ఎగరడానికి సిద్ధం చేసేటప్పుడే, ఎగరలేకపోతే ఏం చేయాలో కూడా రాసి పెట్టుకోవాలి. 2017 డిసెంబరు నుంచి సరుకు యాత్రల్లోనూ ఒకసారి ఎగిరి వచ్చిన బూస్టర్లను, అంటే రాకెట్ మొదటి దశలను, వాడుతున్నారు కాబట్టి, అలాంటి బూస్టర్‌కు ఇంజిన్లు, పైపులు, దిగేటప్పుడు వాడే కాళ్లు, రెక్కల తనిఖీ అదనంగా చేయాలి.

నౌకలోని చిన్న ఇంజిన్లకు వాడే రెండు ద్రవాలు ఒకదానికొకటి తగిలితే చాలు, నిప్పు లేకుండానే మండుతాయి, రెండూ విషపదార్థాలే. వాటిని వేరే భవనంలో, ఒళ్లంతా కప్పి లోపలికి గాలి అందే దుస్తులు వేసుకున్న సిబ్బంది చేత, రాకెట్‌తో కలపకముందే నింపించాలి. ఆ తర్వాతే నౌకను హ్యాంగర్‌కు తెచ్చి, పడుకోబెట్టి ఉన్న రాకెట్ కొసకు బిగించి, తీగలన్నీ కలిపి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయో లేదో పరీక్షించాలి. శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగ వేదికపై నిటారుగా దశ మీద దశ పేర్చడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించవచ్చు. ఫాల్కన్-9 విషయంలో సుమారు 70 మీటర్ల రాకెట్ మొత్తాన్ని అడ్డంగా కూర్చి, వేదిక దగ్గరకు తీసుకెళ్లాక లేపి నిలబెడతారు. ఈ పద్ధతిలో పని నేలకు దగ్గరగా సాగుతుంది, లోపం కనిపిస్తే రాకెట్‌ను తిరిగి పడుకోబెట్టి కప్పు కిందికి తెచ్చుకోవచ్చు.

వేదికపై రాకెట్‌ను కట్టిపడేసి, కొద్ది సెకన్లు ఇంజిన్లు మండించి చూసే స్టాటిక్ ఫైర్ పరీక్ష చేయదలిస్తే, నౌకను అమర్చకముందే చేయాలి. 2016 సెప్టెంబరు 1న అలాంటి పరీక్ష కోసం ఇంధనం నింపుతుండగా ఒక ఫాల్కన్-9 పేలిపోయి, దానిపై ఉన్న అమోస్-6 ఉపగ్రహం కూడా బూడిదైంది. హీలియం సిలిండర్ లోపలి పొరకూ పైన చుట్టిన పొరకూ మధ్య ఆక్సిజన్ చేరి చిక్కుకోవడమే కారణమని తేలింది. ఆ పరీక్షకు ఉపగ్రహం పైన ఉండవలసిన అవసరమే లేదు.

సరుకు సర్దడం అన్నిటికంటే ఓపిక కావలసిన పని. తిండి, బట్టలు, విడిభాగాలు, ప్రయోగ పరికరాలు మెత్తటి సంచుల్లో సర్ది, ఒక్కొక్క సంచినీ తూచి, నౌకలో దాని చోటును రాసుకుని, మొత్తం గరిమనాభి, అంటే బరువంతా తూగే బిందువు, ఎక్కడ పడుతుందో లెక్కవేయాలి. కేంద్రానికి చేరువలో నౌక కదలికలు ఆ లెక్క మీదే ఆధారపడతాయి. పాడవని వస్తువులు ముందుగా లోపలికి వెళ్తాయి. శీతల పెట్టెల్లోని నమూనాలు, జీవకణాలు, ఎలుకల వంటివి మాత్రం ప్రయోగానికి ముందు చివరి రోజున, రాకెట్ వేదికపై నిలబడ్డాక, పక్కనున్న టవర్ వంతెన మీదుగా లోపల పెట్టాలి. ఆ కొద్ది గంటల పనికి ముందే పూర్తి రిహార్సల్ జరిపి, ఏ సంచి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాలో తేల్చుకోవాలి. మారు సరుకు కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. 2018 డిసెంబరులో పదహారో సరుకు యాత్రకు ముందు, ప్రయోగం కోసం పంపే ఎలుకల ఆహారపు కడ్డీలకు బూజు పట్టినట్టు గమనించి, ప్రయోగాన్ని డిసెంబరు 4 నుంచి 5కు మార్చారు. రాకెట్‌లో ఏ లోపమూ లేదు. అయినా అంత పెద్ద యంత్రాన్ని ఎలుకల తిండి కోసం ఒక రోజు ఆపడం సరైన నిర్ణయమే అంటాను, ఎందుకంటే పైకి పంపుతున్నది ఆ పరిశోధననే, రాకెట్ దాన్ని మోసే వాహనం మాత్రమే.

వాతావరణం, సముద్రం విషయంలో హద్దులు ముందే అంకెల్లో రాసి ఉండాలి, ఆ రోజు చర్చ పెట్టకూడదు. వేదికపై సుమారు 49 మీటర్ల ఎత్తున గాలి వేగం గంటకు 48 కిలోమీటర్లు దాటినా, దాదాపు 18.5 కిలోమీటర్ల లోపు మెరుపు మెరిసి 30 నిమిషాలు గడవకపోయినా ఫాల్కన్-9ను సాధారణంగా వదలరు. ముప్పున్న జలాలనూ ఖాళీ చేయించాలి. 2014 అక్టోబరు 27న వర్జీనియాలోని వాలప్స్‌లో మరో సరుకు రాకెట్ అంటారిస్‌ను, హద్దు దాటి వచ్చిన ఒక్క పడవ కారణంగా ఆపేశారు. దారి తప్పిన రాకెట్‌ను తనంతట తానే పేల్చివేసే వ్యవస్థను కూడా ఈ దశలోనే సరిచూసుకోవాలి.

చివరి ఘట్టం ప్రయోగానికి 38 నిమిషాల ముందు, ఇంధనం నింపడానికి లాంచ్ డైరెక్టర్ అనుమతితో మొదలవుతుంది. అప్పటికి వేదిక దగ్గర ఒక్క మనిషి కూడా ఉండకూడదు. ఈ రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్‌ను దాని మరుగు స్థానమైన మైనస్ 183 డిగ్రీల కంటే బాగా దిగువకు, దాదాపు మైనస్ 207 డిగ్రీలకు చల్లబరుస్తారు. కిరోసిన్‌ను మైనస్ 7 డిగ్రీల దగ్గర ఉంచుతారు. చల్లబడిన ద్రవం చిక్కబడి అదే ట్యాంకులో ఎక్కువ పడుతుంది, కానీ నిలవ ఉన్నకొద్దీ వేడెక్కి ఆ లాభం పోతుంది. అందువల్ల 35 నిమిషాల ముందు కిరోసిన్‌తో పాటు మొదటి దశ ఆక్సిజన్‌ను, 16 నిమిషాల ముందు రెండో దశ ఆక్సిజన్‌ను నింపడం మొదలుపెట్టి, దాదాపు చివరి వరకూ నింపుతూనే ఉండాలి. 7 నిమిషాల ముందు కొంచెం ఆక్సిజన్‌ను ఇంజిన్ల పంపుల్లోకి వదిలి లోహాన్ని చల్లబరచాలి, లేకపోతే ఒక్కసారిగా తగిలే చలికి అవి దెబ్బతింటాయి. చివరి నిమిషంలో అజమాయిషీ రాకెట్ కంప్యూటర్ చేతికి వెళ్తుంది, ట్యాంకుల్లో పీడనం ఎక్కుతుంది, 45 సెకన్ల దగ్గర లాంచ్ డైరెక్టర్ తుది అనుమతి ఇస్తారు. 3 సెకన్ల ముందు తొమ్మిది ఇంజిన్లు రాజుకుంటాయి. అన్నీ సరిగ్గా మండుతున్నాయని కంప్యూటర్ నిర్ధారించుకునే వరకు వేదికపై పట్టి ఉంచే బిగింపులు రాకెట్‌ను వదలవు.

ఇంత దూరం వచ్చాక ఆపడానికి మనసొప్పదు, అయినా అనుమానం ఉంటే ఆపాల్సిందే. 2017 ఫిబ్రవరి 18న పదో సరుకు యాత్ర కౌంట్‌డౌన్‌ను 13 సెకన్ల దగ్గర ఆపేశారు. రెండో దశ ఇంజిన్‌ను తిప్పే యంత్రాంగం నుంచి వచ్చిన రీడింగు తేడాగా ఉండడమే అందుకు కారణం. ఆ రోజు నిర్ణయించిన సమయం ఉదయం 10:01. మర్నాడు కక్ష్య ఇచ్చిన సమయం 9:39, ఆ క్షణానికి రాకెట్ సాఫీగా లేచింది. అలా ఆపినప్పుడు ఇంధనం పూర్తిగా దించి, ట్యాంకుల్లో పీడనం తగ్గిందని రూఢి చేసుకునే వరకు ఎవరినీ వేదిక దగ్గరకు పంపకూడదు. పాడయ్యే నమూనాలు మరో రోజు నిలుస్తాయా, మార్చాలా అన్నది వాటి శాస్త్రవేత్తలనే అడగాలి. లోపం ఏమిటో తేలి, చేసిన దిద్దుబాటు మీద బాధ్యుల సంతకం పడ్డాకే కొత్త సమయానికి లెక్క మొదలుపెట్టాలి.