ఇంట్లో కాస్ట్యూముల తయారీ: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మామూలు బట్టలు చక్కగా కుట్టగలిగిన చేతికి కాస్ట్యూములు కష్టమేమీ కాదన్న నమ్మకంతో చాలామంది ఈ పని మొదలుపెడతారు. కుట్టు వరకూ ఆ నమ్మకం సబబే. అయితే వేదిక మీద వేసుకునే దుస్తుల పని వేరు. వాటితో గెంతాలి, చేతులు పైకెత్తాలి, దీపాల వేడిలో చెమటోడ్చాలి, రెండు నిమిషాల్లో విప్పి మరొకటి తొడుక్కోవాలి. కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు ఈ సంగతిని ఆర్డరు తీసుకునేటప్పుడే ఆలోచించకపోవడం వల్ల వచ్చేవి.

ట్రయల్‌లో సరిపోయింది, వేదిక మీద చంక దగ్గర చిరిగింది

ముందు చిరుగును వెలుతురులో పెట్టి చూడండి. కారణం అక్కడే కనిపిస్తుంది. బట్ట బాగానే ఉండి దారం మాత్రమే తెగిందంటే, సాగే బట్ట మీద సాగని కుట్టు వేశారన్నమాట. బట్ట సాగినప్పుడు తిన్నని కుట్టు దానితోపాటు సాగలేక పుటుక్కున తెగుతుంది. ఇలాంటి బట్టకు సన్నని జిగ్‌జాగ్ కుట్టు, పాలియెస్టర్ దారం, గుండ్రని మొన ఉన్న స్ట్రెచ్ సూది వాడాలి.

దారం తెగకుండా, బట్ట పోగులు మాత్రం కుట్టులోంచి జారిపోయి ఉంటే లోపలి మార్జిన్ మరీ తక్కువగా వదిలారని అర్థం. శాటిన్ లాంటి జారుడు బట్టల్లో ఇది ఎక్కువ. మార్జిన్ పెంచి, అంచులకు ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా అంచును చుట్టే కుట్టు) చేసి, బలం పడే చోట లోపల సన్నని నాడా కలిపి కుట్టండి.

కుట్టు పక్కనే బట్ట చిరిగితే తప్పు కటింగ్‌లో ఉంది. చంక రౌండు కిందికి దించితే చేయి స్వేచ్ఛగా ఆడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది దీనికి విరుద్ధం. రౌండు కిందికి దిగితే చేయి ఎత్తినప్పుడల్లా పక్క భాగం మొత్తం పైకి లాగుతుంది. రౌండును చంకకు దగ్గరగా ఉంచి, కింద వజ్రం ఆకారంలో చిన్న ముక్క చేర్చితే చేయి పూర్తిగా పైకి లేస్తుంది.

కొలతలు కూడా నిలబెట్టి మాత్రమే తీయకండి. చేతులు ఎత్తించి, వంచి, కూర్చోబెట్టి వీపు, నడుము మళ్లీ కొలవండి. పైనుంచి కింది దాకా ఒకటే దుస్తు అయితే భుజం మీది నుంచి కాళ్ల మధ్యగా వెనక్కి తిప్పి, తిరిగి అదే భుజం వరకు టేపు పట్టాలి. ఈ ఒక్క కొలత తీయకపోవడం వల్ల పాడైన కాస్ట్యూములు ఎన్నో.

శాటిన్ మీద కుట్టు వెంట ముడతలు

ఇస్త్రీతో పోతాయని ఆశపడకండి. మొద్దుబారిన సూది, బిగువెక్కువైన దారం, మరీ దగ్గరగా పడ్డ కుట్టు: ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణం. కొత్తది, సన్నని మొనది, 70/10 సైజు సూది వేయండి. పైదారం బిగువు కొద్దిగా తగ్గించి, కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, అదే బట్ట తుంపు మీద ముందు కుట్టి చూడండి. కుట్టేటప్పుడు బట్టను ముందూ వెనకా రెండు చేతులతో తేలిగ్గా పట్టి ఉంచితే చాలు, లాగకూడదు.

జరీ దారం మాటిమాటికీ తెగుతుంటే సూది కన్ను దానికి చాలడం లేదు. పెద్ద కన్నున్న 90/14 సూది వేసి, బాబిన్‌లో (కింది దారం చుట్టే చిన్న ఉండలో) మామూలు పాలియెస్టర్ దారం పెట్టి, మిషను నెమ్మదిగా నడపండి.

బృందంలో ఇద్దరి దుస్తులు వేరే రంగులో కనిపిస్తున్నాయి

బట్ట రెండు విడతలుగా కొన్నారు. ఒకే రంగు పేరున్నా అద్దకం మారితే ఛాయ మారుతుంది. దుకాణంలో తెలియదు, వేదిక దీపాల కింద దాగదు. మొత్తం బట్ట ఒకే తాను నుంచి, పొరపాట్లకు కొంత అదనంగా, ఒకేసారి తీసుకోండి. వెల్వెట్ అయితే ఒకే తాను నుంచి తెచ్చినా తేడా రావచ్చు. దాని నూగు ఒక వైపుకు వాలి ఉంటుంది కాబట్టి, ముక్కలు తలకిందులుగా కత్తిరిస్తే ఒకటి ముదురుగా, మరొకటి లేతగా కనిపిస్తుంది. కత్తెర పెట్టేముందే ప్రతి ముక్క వెనక సుద్దతో బాణం గుర్తు వేయండి.

ఫోనులో పంపిన కొలతల ప్రకారం కుట్టాక సరిపోలేదు

ఎవరికి వారు కొలుచుకుంటే టేపు వంకరపోతుంది, నడుము ఎక్కడుందన్న దానిపైనా ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. టేపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చూపే బొమ్మ పంపండి. ప్రతి కొలతా రెండుసార్లు, మరొకరి చేత తీయించమనండి. వారికి బాగా సరిపోయే దుస్తు ఒకటి నేల మీద పరిచి తీసిన కొలతలు కూడా అడగండి. రెండూ పొంతన కుదరకపోతే కుట్టడం ఆపి మాట్లాడండి.

పక్క కుట్లలో ఒక్కో వైపు 2.5 సెంటీమీటర్ల బట్ట దాచి ఉంచండి. పిల్లల దుస్తుల్లో కింది మడత మరింత వెడల్పుగా పెట్టండి. ఖరీదైన బట్ట అయితే ముందు పాత నూలు బట్టతో కచ్చా కుట్టు వేసి తొడిగించి చూడాలని నా గట్టి సలహా. ఆ శ్రమ ఎప్పుడూ వృథా పోదు.

అంటించిన రాళ్లు, అద్దాలు రాలిపోతున్నాయి

వేడి జిగురు వేడికే మెత్తబడుతుంది. బరువున్నవి కుట్టండి, తేలికైనవాటికి బట్టల కోసమే తయారైన జిగురు వాడి, పూర్తిగా ఆరనివ్వండి.

చేతినిండా పని ఉంది, చేతిలో డబ్బు నిలవడం లేదు

బట్ట ధరకు కుట్టుకూలి కలిపి ధర చెబుతున్నారు. బట్ట వెతికిన సమయం, ట్రయళ్లు, హుక్కులూ తళుకులూ చేత్తో కుట్టిన గంటలు ఆ ధరలో లేవు. సూదులు, కరెంటు, మిషను మరమ్మతు కూడా లేవు. రాబోయే మూడు నాలుగు ఆర్డర్లకు ఒక పుస్తకం పెట్టి, ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాయండి. ఆ లెక్క చూస్తే ధర మీకే తెలుస్తుంది. తక్కువ చెబితేనే మళ్లీ వస్తారన్న భయం ఇంటి నుంచి పనిచేసే వారిలో ఎక్కువ. ఇల్లు మీదైనంత మాత్రాన మీ గంటలు ఉచితం కావు.

అడ్వాన్స్ కనీసం సరుకు ఖర్చంతా వచ్చేలా తీసుకోండి. కత్తిరించాక కోరిన మార్పుకు వేరే ధర ఉంటుందని ఆర్డరు కాగితం మీదే రాయండి. బృందం ఆర్డరైతే ముందు ఒక్కటి పూర్తిగా కుట్టి చూపించి, ఒప్పుకున్నాకే మిగతావి కత్తిరించండి.

ప్రతిసారీ ప్రదర్శన ముందు రాత్రి తెల్లవార్లూ కుట్టాల్సి వస్తోంది

ప్రదర్శన తేదీనే గడువుగా పెట్టుకున్నారు. అసలు గడువు దుస్తులతో చేసే రిహార్సల్, అది ప్రదర్శనకు వారం ముందు ఉండేలా మాట్లాడుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కించి ట్రయల్, కటింగ్, బట్ట కొనుగోలు తేదీలు వేయండి. బట్ట కొనాల్సిన తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే ఆ ఆర్డరు ఒప్పుకోవద్దు, ఎంత తెలిసినవారు అడిగినా సరే.

దుస్తులు అప్పగించేటప్పుడు అదే రంగు దారం, సూది, నాలుగు పిన్నీసులు, రెండు హుక్కులు చిన్న సంచిలో వేసి ఇవ్వండి. తెర వెనక హుక్కు ఊడితే మీకు ఫోను చేసే అవసరం లేకుండా వారే సరిచేసుకుంటారు.