కట్లపాము కాటు: రెప్పలు వాలుతుంటే ఏం చెయ్యాలి

పెన్నా డెల్టాలో వరికళ్లం కాపలా కాసేవాళ్లు గానీ, ప్రకాశం వైపు పొగాకు బ్యారన్ దగ్గర నేల మీద పడుకున్నవాళ్లు గానీ తెల్లవారుజామున కడుపునొప్పంటూ లేస్తే అజీర్తి అని వదిలెయ్యకండి. కాసేపటికి రెప్పలు బరువెక్కి, మాట ముద్దగా వస్తుంటే కట్లపాము కాటనే అనుకోండి. దాని కోరలు చిన్నవి. వాపు, మంట దాదాపు ఉండవు. గాటు వెతికినా కనబడకపోవచ్చు. గాటు లేదు కదా అని ఆగిపోవడం దగ్గరే ప్రాణాలు పోతున్నాయి.

నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి తగిలితేనే కండరం కదులుతుంది. కాలువ తూము నుంచి వచ్చిన నీళ్లు మడవ గుండా మడిలోకి పారినట్టు. నాగుపాము విషం మడవకు, అంటే కండరం వైపు, అడ్డం పడుతుంది. అందుకే పాము విషానికి విరుగుడైన యాంటీవీనమ్‌తో పాటు అట్రోపిన్, నియోస్టిగ్మిన్ అనే మందులు ఇస్తే చాలామందికి అరగంటలోనే రెప్పలు లేస్తాయి. కట్లపాము విషం తూమునే, అంటే నరం చివరనే, కూల్చేస్తుంది. కూలిన నరం చివరను ఏ మందూ తిరిగి కట్టలేదు, అది మళ్లీ పెరగాల్సిందే. దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఊపిరి వెంటిలేటర్‌దే. విషం రక్తంలో తిరుగుతుండగానే యాంటీవీనమ్ పడితేనే పూర్తి ఫలితం.

వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, అది ఆలస్యమైతే ఏ బండైనా సరే. మనిషిని నడిపించకండి. కాటు పడ్డ చేతికో కాలికో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద పెట్టండి. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు తీసెయ్యండి. కొయ్యడం, పీల్చడం వద్దు, తాడు బిగించడం అసలే వద్దు. ఎవరైనా ముందే బిగించి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు ఎదుటే విప్పాలి. ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పారితే అక్కడికక్కడే ఊపిరి ఆగొచ్చు. పసరు, కాఫీ, నీళ్లు ఏవీ పొయ్యకండి. గొంతు కండరాలు చచ్చుబడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో చొంగ తుడుస్తూ ఉండండి.

దారిలో ఒక పరీక్ష చెయ్యండి. ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పించండి. ఇందాక 25 దాకా చెప్పినవాడు పావుగంటకు 15 దగ్గరే ఆగితే ఛాతీ కండరాలు సడలుతున్నట్టే. తల దిండు మీంచి ఎత్తలేకపోయినా అంతే. ఆ సంగతి టైంతో సహా డాక్టరుకు చెప్పండి.

దగ్గర్లోని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో యాంటీవీనమ్ ఉంటే అక్కడే మొదలుపెట్టించండి. మొదటి విడత మామూలుగా 10 వయల్స్ (చిన్న మందు సీసాలు), సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తారు. పిల్లలకూ అదే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాణ్ని చూసి విషం తగ్గించదు. దద్దుర్లు, వణుకు వస్తే అడ్రినలిన్ ఇస్తారు, ఆ భయంతో వద్దనకండి. తర్వాత వెంటిలేటర్ ఉన్న నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రికి తరలించేటప్పుడు చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, అంబు బ్యాగ్ నొక్కే మనిషి వెంట ఉండాలి.

ఒళ్లంతా చచ్చుబడి, కనుపాపలు పెద్దవై, టార్చి వేసినా కదలకపోతే పోయాడనుకుని ఏడుపులు మొదలుపెడతారు. కట్లపాము కాటులో ఆ గుర్తులు నమ్మదగినవి కావు. గుండె కొట్టుకుంటుంటే ఊపిరి అందిస్తూనే ఉండండి. అతనికి రెప్ప ఎత్తే బలం లేదు గానీ చెవులు పనిచేస్తూనే ఉండొచ్చు. పేరు పెట్టి పిలుస్తూ, ఆసుపత్రి దగ్గర పడుతోందని చెబుతూ ఉండండి.