మూసీ మీద సభ పెట్టే ముందు సీసాల్లో నీళ్లు పట్టండి

బస్తీలో మూసీ గురించి మాట్లాడదామని కూర్చుంటే పది నిమిషాల్లో మాట వాసన మీదికి, దోమల మీదికి, ఆపైన తప్పెవరిదన్న గొడవ మీదికి పోతుంది. వాతావరణ సంక్షోభం ఊసే రాదు. అందరి ముందూ ఒక కొలత ఉంటే చర్చ నిలబడుతుంది. దానికి అన్నిటికన్నా బాగా పనికొచ్చేది డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్.

గాజు మూత ఉన్న 300 మి.లీ. బీఓడీ సీసాలు (నీటి పరీక్షకు ల్యాబుల్లో వాడేవి) నాలుగు, థర్మామీటరు, పిపెట్లు, గ్లవ్స్ కావాలి. రసాయనాల కోసం దగ్గర్లోని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబును అడగండి. ల్యాబ్ పని తెలిసిన మాస్టారో మేడమో వెంట ఉండాల్సిందే. ఈ రసాయనాల్లో అజైడ్ విషం, యాసిడ్ ఒళ్లు కాలుస్తుంది.

రెండు జట్లుగా వెళ్లండి: ఒకటి నగరానికి ఎగువన ఉన్న గండిపేట చెరువు ఒడ్డుకు, ఇంకొకటి మూసీ నగరం దాటుతున్న నాగోల్ వంతెన దగ్గరికి. ఇద్దరూ ఒకే ఉదయం, 6 నుంచి 8 లోపు పట్టాలి. నాచు ఉన్న నీటిలో ఎండ పెరిగేకొద్దీ డీఓ పెరుగుతుంది, కాబట్టి ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం పడితే పోల్చడానికి ఉండదు. చాలామంది చెడగొట్టేది బకెట్ దగ్గరే. బకెట్‌తో తోడి సీసాలో ధారగా పోస్తే గాలి కలిసి, చచ్చిన నీళ్లు కూడా బాగున్నట్టు కనిపిస్తాయి. సన్నని రబ్బరు గొట్టం సీసా అడుగుదాకా దించి, నీళ్లు పైనుంచి పొర్లిపోయేదాకా నింపండి. మూత పెట్టాక ఒక్క బుడగ కూడా ఉండకూడదు. నీటి ఉష్ణోగ్రత అక్కడే రాసుకోండి.

ఆ వెంటనే పిపెట్ మొన నీటిలో మునిగేలా పెట్టి మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మి.లీ. వేసి, మూత బిగించి, పదిహేనుసార్లు తలకిందులు చేయండి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే పాలవిరుగులా తెల్లగానే ఉండిపోతుంది. ఒక్కో చోటి నుంచి ఒక సీసా సభ కోసం దాచండి. దాని మూత తీయొద్దు, గాలి తగిలితే తెల్లది కూడా గోధుమరంగుకు తిరుగుతుంది. రెండో సీసాను అదే పూట ల్యాబులో తేల్చండి: గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 2 మి.లీ. వేసి మడ్డి కరిగించి, 200 మి.లీ. తీసుకుని, 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి, అంటే దాన్ని కొలుస్తూ చుక్కచుక్కగా కలపాలి. లేతపసుపు వచ్చాక స్టార్చ్ వేసి, నీలం పోయేదాకా. ఖర్చయిన ప్రతి మి.లీ.కి ఇంచుమించు లీటరుకు 1 మిల్లీగ్రాము డీఓ.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కన స్నానానికి డీఓ లీటరుకు కనీసం 5 మి.గ్రా., చేపలకు 4 ఉండాలి. ఈ అంకెలను బోర్డు మీద రాసి, పక్కనే ఇంకో రెండు రాయండి. శుభ్రమైన నీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మి.గ్రా. ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. పైగా వేడికి బాక్టీరియా మురుగును ఇంకా జోరుగా కుళ్లబెట్టి, ఉన్న ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. అంటే నాలాల మురుగు పెరగకపోయినా, ఎండలు ముదిరితే నది ఇంకా చెడుతుంది. వాతావరణం మన బస్తీలోకి వచ్చేది ఈ దారినే. అయితే ఒక్కరోజు కొలత చూపించి వాతావరణం మారిపోయిందని మాత్రం చెప్పకండి. మే నెలలో ఒకసారి, తొలి పెద్ద వాన తర్వాత ఇంకోసారి అవే చోట్ల మళ్లీ పట్టి చూడాలి.

సభకు పాతిక ముప్పై మంది, గంటన్నర చాలు. గడ్డి పెంచేవాళ్లు, రజకులు, చేపలు పట్టేవాళ్లు, పారిశుధ్య కార్మికులు లేకుండా మొదలుపెట్టొద్దు. ఉపన్యాసాలకన్నా ముందు సీసాలు చేతులు మారాలి. తర్వాత పటం పరిచి, 2020 అక్టోబరు వరదకు నీళ్లు ఏ గుమ్మం దాకా వచ్చాయో, ఏ నాలా ఎక్కడ కలుస్తోందో వాళ్లచేతే గుర్తు పెట్టించండి.

ఒడ్డున ఉండేవాళ్లకు ఇళ్లు పోతాయన్న భయం ఉంటుంది. ఇది ఖాళీ చేయించే సభ కాదని మొదటే చెప్పండి, ఇంటి నంబర్లు రాయకండి, ఫొటోలు తీయకండి. ఆ భయం పోకపోతే నది సంగతి ఎక్కువ తెలిసినవాళ్లే నోరు విప్పరు.

లేచేముందు ఒక్క నాలా ఎంచుకోండి. దాని మీద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వక ఫిర్యాదు, మీ దగ్గర్లో మండలి నది నీటిని పరీక్షించే చోటి ఏడాది కొలతల కోసం సమాచార హక్కు దరఖాస్తు అక్కడికక్కడే రాసి సంతకాలు పెట్టించండి. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ తేదీకే తర్వాతి సభ పెట్టుకోండి. సీసాల్లోని రసాయనాల నీళ్లు నదిలో, కాలువలో పారబోయకుండా క్యానులో పట్టి ల్యాబుకే తిరిగి ఇవ్వండి.