ఫిల్లరా, ఫేస్‌లిఫ్టా? డబ్బు కట్టే ముందు

- అద్దంలో చూసుకోండి. బుగ్గలు లోపలికి పోయాయా, దవడ కింద చర్మం జారిందా? గుంటలకు ఫిల్లర్ (చర్మం కింద ఇంజెక్షన్‌తో నింపే పదార్థం) సరిపోతుంది. బాగా జారిన చర్మానికి దాన్ని బిగించే సర్జరీయే, అంటే ఫేస్‌లిఫ్టే దారి. అక్కడ ఫిల్లర్ మీద ఫిల్లర్ వేయిస్తే ముఖం ఉబ్బినట్టుంటుంది.

- ఫిల్లర్ ఏ రకమో అడగండి. హయలురానిక్ యాసిడ్‌ది సాధారణంగా 6 నుంచి 18 నెలలు ఉంటుంది, తేడా వస్తే హయలురానిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు. ఆ మందు క్లినిక్‌లో ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళితే, అరుదుగానే అయినా, చూపు పోవచ్చు.

- పార్లర్‌లో వద్దు, డిస్కౌంట్ ఎంతైనా సరే.

- ఫేస్‌లిఫ్ట్‌కు ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికే వెళ్లండి. సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి, లేకపోతే గాయం సరిగా మానదు. బీపీ, షుగర్ దాచొద్దు. ఆస్పిరిన్ సొంతంగా ఆపొద్దు.

- వచ్చే వారం ఇంట్లో పెళ్లుందా? సర్జరీ వాయిదా వేయండి. వాపు అంత త్వరగా తగ్గదు.